పాత తెలుగు పుస్తకాల పేజీలు విరిగిపోతున్నాయి: లామినేషనా, బైండింగా, స్కానింగా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. తాతగారి పుస్తకాలు రెండు ట్రంకుపెట్టెల నిండా ఉన్నాయి, ఇల్లు కాకినాడలో. 1930ల నాటి కావ్యాలు, నవలలు, అరవైల నాటి పాకెట్ పుస్తకాలు, పిన్నులు తుప్పుపట్టిన చందమామలు. పేజీ తిప్పితే అంచు విరిగి చేతికొస్తోంది. కొన్నిటికి రంధ్రాలు, కొన్నిటికి బూజు. లామినేషన్ చేయించాలా, బైండింగు చేయించాలా, లేక స్కాన్ చేసుకుని కాగితాన్ని వదిలేయాలా?

లామినేషన్ వద్దు, ఏ పుస్తకానికీ వద్దు. బైండింగు ఇప్పుడే వద్దు. ముందు పుస్తకాలు ఉంచే చోటు మార్చండి, పురుగు బతికి ఉందో లేదో తేల్చుకోండి, విరుగుతున్నవాటిని ఫోటోలు తీయండి. బాగుచేయడం సంగతి ఆ తర్వాత చూద్దాం. మరమ్మతుకు వచ్చే పుస్తకాల్లో వయసు వల్ల పాడైనవాటికన్నా ఎవరో ప్రేమతో అంటించిన సెల్లోటేపు వల్ల, ఫెవికాల్ వల్ల, బైండరు కత్తి వల్ల పాడైనవే నాకు ఎక్కువగా కనిపిస్తాయి.

కాగితం ఎందుకు విరుగుతోందో తెలిస్తే ఏది పనికొస్తుందో, ఏది రాదో తేలిగ్గా అర్థమవుతుంది. పందొమ్మిదో శతాబ్దం మధ్య దాకా కాగితాన్ని ఎక్కువగా గుడ్డపీలికల నుంచి చేసేవారు. ఆ తర్వాత కలపగుజ్జు వచ్చింది. చవకరకం గుజ్జులో లిగ్నిన్ అనే కలపలోని పదార్థం మిగిలిపోతుంది, వెలుతురు తగిలితే పసుపుపచ్చగా, గోధుమరంగుగా మారేది అదే. సిరా పాకకుండా ఉండటానికి మిల్లుల్లో పటిక అని పిలిచే అల్యూమినియం సల్ఫేటునూ, రోజనం అనే చెట్టుబంకనూ కలిపేవారు. ఆ పటిక తేమతో కలిసి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం కాగితానికి బలమిచ్చే సెల్యులోజు గొలుసులను ఒక్కొక్కటిగా తెంపుతూ పోతుంది. వేడీ తేమా పెరిగినకొద్దీ ఈ పని జోరందుకుంటుంది. తెగిన గొలుసు మళ్లీ అతకదు. విరిగే కాగితాన్ని తిరిగి మెత్తబరిచే మందంటూ లేదు. నూనె రాయమనీ, గ్లిజరిన్ పూయమనీ చెప్పేవాళ్లు ఉంటారు, వినకండి.

ఇందుకే పుస్తకం వయసు చూసి దాని బలం అంచనా వేయలేం. 1920ల నాటి వావిళ్ల ప్రచురణ సంస్థ పుస్తకం గట్టిగా ఉండి, 1965 నాటి పాకెట్ పుస్తకం పొడిపొడి కావడం మామూలే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కాగితానికి కరువొచ్చింది, ఆ ఏళ్లలో అచ్చయినవి తరచుగా మరీ బలహీనంగా ఉంటాయి. పరీక్ష చాలా సులువు: అక్షరాలు లేని ఒక పేజీ మూలను రెండు మూడు మిల్లీమీటర్ల మేర ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి మడవండి. నాలుగైదు మార్లు మడిచినా నిలిస్తే ఆ పుస్తకం చదువుకోవచ్చు, కుట్టుకోవచ్చు. రెండోసారికే విరిగితే అది ఇక ఫోటోల వరసలోకి వెళ్లాలి. దాన్ని కుట్టినా, అంటించినా ఆ గీత వెంబడే విరుగుతుంది.

పుస్తకాలు ఉంచే చోటు

డబ్బు ఖర్చు పెట్టేదేదైనా ఉంటే ముందు ఇక్కడ పెట్టండి. గాలిలో తేమ 45 నుంచి 60 శాతం మధ్య ఉంటే పుస్తకాలకు మంచిది. 65 దాటి కొన్ని రోజులు అలాగే ఉంటే బూజు మొదలవుతుంది. కాకినాడలో వానాకాలంలో బయట 80 శాతం ఉండటం కొత్తేమీ కాదు. తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అది లేకుండా చేసేదంతా ఊహే. ఒకటి కొని పెట్టెలో వారం, గదిలో వారం ఉంచి అంకెలు రాసుకోండి.

అటక మీద, ముఖ్యంగా వంటింటి అటక మీద పుస్తకాలు పెట్టకండి. పైకప్పు వేడి, పొయ్యి ఆవిరి, నూనె జిడ్డు మూడూ అక్కడికే చేరతాయి. వాన కొట్టే బయటి గోడకు బీరువాను ఆనించకండి, నాలుగు వేళ్ల సందు వదలండి. కింది అర నేల నుంచి పది సెంటీమీటర్లయినా ఎత్తులో ఉండాలి. ఇనుప బీరువాకు చెదలు పట్టవు, అది దాని గొప్ప. కానీ తడిగాలి లోపలికి వెళ్లి తలుపు మూసుకుంటే బయటికి రాదు. వానలు లేని రోజు మధ్యాహ్నం తలుపులు తీసి ఫ్యాను వేయండి, ముసురు రోజుల్లో మూసే ఉంచండి. చాలామంది సరిగ్గా దీనికి తిరగేసి చేస్తారు, ముసురులో బూజు వాసన వచ్చిందని తలుపులు బార్లా తీస్తారు.

రాత్రి మాత్రమే ఏసీ వేసే పడకగది కూడా అంత మంచిది కాదు. తేమ రోజూ ఎక్కుతూ దిగుతూ ఉంటే అట్టలు వంకర్లు పోతాయి. ఏసీ లేని, ఎండ నేరుగా పడని, ఇంటి మధ్యలో ఉండే గది దానికన్నా మేలు.

ట్రంకుపెట్టెలే వాడక తప్పదంటే ఒక్కో పెట్టెలో పావుకిలో నుంచి అరకిలో సిలికా జెల్‌ను గుడ్డసంచిలో కట్టి పెట్టండి. నారింజ రంగు నుంచి ఆకుపచ్చకు మారే రకం తీసుకోండి. నీలం రకంలో కోబాల్ట్ క్లోరైడు అనే హానికర రసాయనం ఉంటుంది, అది ఇంట్లో వద్దు. రంగు మారాక ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ పనిచేస్తుంది. ఎండలో పెడితే పూర్తిగా ఆరదు. మీటరు 35 కంటే కిందికి పోతే కొంత జెల్ తీసేయండి, మరీ ఎండినా పాత కాగితం విరుగుతుంది.

పుస్తకాలను ఎండలో ఆరబెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. తేమ పోతుందన్నది నిజమే. కానీ అదే ఎండ లిగ్నిన్‌ను కాలుస్తుంది. నీడలో, ఫ్యాను గాలిలో అట్టలు కొంచెం విప్పి నిలబెడితే ఆ నష్టం లేకుండా ఆరతాయి.

రంధ్రాలు చేసేవాటి సంగతి

ముందు దొంగ ఎవరో గుర్తుపట్టాలి. వెండిరంగులో జారిపోయే సిల్వర్‌ఫిష్ అనే పురుగు పైపైన గీకి తింటుంది, అట్టమీది జిగురు, నునుపు కాగితం దానికిష్టం. బొద్దింక అట్టల మీది కలికో గుడ్డ మీద మచ్చలు చేస్తుంది. గుండ్రటి రంధ్రం పేజీల గుండా సొరంగంలా పోతే అది చిన్న పెంకుపురుగు పిల్ల పని. మట్టి పూసిన దారి కనిపిస్తే చెదలు. అప్పుడు పుస్తకాలను కాదు, ఇంటిని చూపించుకోవాలి.

రంధ్రం కనిపించినంత మాత్రాన పురుగు ఉన్నట్టు కాదు. అది యాభై ఏళ్ల కిందటిది కావచ్చు. అనుమానం ఉన్న పుస్తకాన్ని తెల్లకాగితం మీద ఉంచి, మెల్లగా తట్టి, రాలిన పొడి తుడిచేసి, కొత్త కాగితం మీద రెండు వారాలు కదపకుండా వదలండి. మళ్లీ లేతరంగు పిండి రాలితే పురుగు బతికే ఉంది.

అలాంటివాటికి నేను చెప్పే మందు చలి. పుస్తకాన్ని మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి వీలైనంత తీసేసి, గట్టిగా మూసి, ఇంకో సంచిలో పెట్టండి. మామూలు ఫ్రిజ్ ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటే రెండు వారాలు ఉంచండి. మైనస్ 20కి దిగే డీప్ ఫ్రీజర్ అయితే వారం, పదిరోజులు చాలు. గుడ్డు, పిల్ల, పురుగు అన్నీ చస్తాయి. బయటికి తీశాక ఇరవైనాలుగు గంటలు సంచి విప్పకండి. విప్పితే గాలిలోని తేమ చల్లటి అట్ట మీద నీళ్లయి దిగుతుంది. సంచి మూసి ఉంటే ఆ నీళ్లు సంచి బయటే ఉంటాయి. మధ్యలో గంటల తరబడి కరెంటు పోతే లెక్క మళ్లీ మొదటి నుంచి. చలికి బూజు చావదు, నిద్రపోతుందంతే, అది గుర్తుంచుకోండి.

కలరా ఉండలు వద్దు. నాఫ్తలీన్ పురుగును కొంత దూరం పెడుతుందే తప్ప కాగితం లోపలున్న పిల్లను చేరదు. ఆ వాసన మనుషులకు మంచిది కాదు, జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలు తేలిగ్గా చితికిపోయే పుట్టుకతో వచ్చే లోపం) ఉన్న పసిబిడ్డలకు ప్రమాదం కూడా. వేపాకు బాగా ఎండినదైతే గుడ్డలో కట్టి పెట్టుకోండి, నష్టం లేదు. పచ్చిది పెడితే తేమను మీరే చేతులారా పెట్టెలో పెట్టినట్టు. నిమ్మగడ్డి నూనె తాళపత్రాలకు రాసేది. దాన్ని అచ్చు పుస్తకాలకు రాస్తే మరక మిగులుతుంది, అంతే.

బూజు పట్టినవాటిని మిగతావాటి నుంచి ఈరోజే విడదీయండి. తడిగా, జిగటగా ఉన్న బూజును తుడవకండి, పాకుతుంది. ముందు ఫ్యాను కింద ఆరనిచ్చి, పొడిబారాక ఆరుబయట, ఎన్‌95 మాస్కు వేసుకుని, మెత్తటి బ్రష్‌తో వెన్ను వైపు నుంచి బయటికి దులపండి. డెట్టాల్, బ్లీచింగ్ జోలికి పోవద్దు. ఆ మరక పోదు, పోగొట్టాలని చూడకండి.

వరదలో తడిసిన పుస్తకాల సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో ఇళ్లలో ఈ సమస్య వచ్చింది. అప్పుడు చూసుకోవాల్సింది రెండు రోజుల గడువు, ఆలోగా ఆరబెట్టడమో ఫ్రీజర్‌లో పెట్టడమో జరగాలి. నునుపు ఆర్ట్ పేపరు పుస్తకాలు మూసి ఆరితే ఇటుకలా అతుక్కుంటాయి, వాటిని మొదట ఫ్రీజర్‌కు పంపండి.

టేపు, జిగురు, బైండింగు

సెల్లోటేపు కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం కాగితంలో దిగి గోధుమరంగు పట్టీలా మిగిలిపోతుంది. ఇప్పటికే అంటించి ఉన్నదాన్ని పీకకండి, అక్షరాలతో సహా వస్తుంది. ఫెవికాల్ రకం జిగురు ఆరాక నీళ్లకు కరగదు, కాబట్టి రేపు ఇంకెవరైనా సరిచేయాలన్నా వీలుండదు. మరమ్మతులో నేను పాటించే నియమం ఒకటే: రేపు విప్పలేనిది ఈరోజు అంటించను.

చిరుగులకు సన్నటి జపాన్ టిష్యూ కాగితం, గోధుమ గంజి చాలు. మైదాను నేరుగా ఉడికిస్తే అందులోని జిగట పదార్థం, గ్లూటెన్, పురుగును పిలుస్తుంది. అందుకని మైదా ముద్ద కలిపి, అరగంట నానబెట్టి, గిన్నెలో నీళ్లలో పిసకండి. తెల్లటి నీళ్లు గిన్నెలో మిగులుతాయి, సాగే ముద్ద చేతిలో మిగులుతుంది. ఆ నీళ్లు రాత్రంతా కదలకుండా ఉంచితే అడుగున పిండి పేరుకుంటుంది. పైనీళ్లు వంచేసి, ఒక వంతు పిండికి ఐదు వంతుల నీళ్లు కలిపి, సన్నని మంట మీద ఇరవై నిమిషాలకు తగ్గకుండా ఆపకుండా కలుపుతూ ఉడికించండి. చల్లారాక గుడ్డలో వడకట్టి, వాడేముందు పెరుగు జారుడుగా పలచన చేయండి. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంటుంది, పుల్లటి వాసన వస్తే పారబోయండి.

టిష్యూను కత్తెరతో కత్తిరించకండి. తడిగీత గీసి చింపితే అంచున పోగులు మిగులుతాయి, అవే పట్టు. ఎనిమిది, పది మిల్లీమీటర్ల పట్టీ చాలు. గంజి టిష్యూకు రాసి, చిరుగు మీద ఉంచి, పైనా కిందా పాత పాలిస్టరు గుడ్డముక్క వేసి, దానిపై బ్లాటింగు కాగితం, బరువు పెట్టండి. గుడ్డ లేకపోతే బ్లాటింగు కాగితం దానికే అంటుకుంటుంది. ఇంట్లో చేసేవాళ్లు ఎక్కువగా గంజి మోతాదులో తప్పుతారు. తడి ఎక్కువైతే పాత కాగితంలో చిరుగు చుట్టూ నీటిచార ఏర్పడుతుంది, అది పోదు. ముందు విలువలేని పాత కాగితం మీద చేయి తిప్పుకోండి.

ఊళ్లో బైండరుకు ఇస్తే జరిగేది సాధారణంగా ఇదీ: పాత కుట్టు విప్పకుండా వెన్ను పక్కన రంధ్రాలు పొడిచి పక్కకుట్టు వేస్తారు, మూడు వైపులా కటింగు చేస్తారు, మైదా బంకలో పురుగు పట్టకుండా మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) కలుపుతారు. పక్కకుట్టుతో పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, లోపలి మార్జిన్‌లోని అక్షరాలు దాక్కుంటాయి, విరిగే కాగితం కుట్టు గీత వెంబడే తెగుతుంది. కటింగులో పేజీ అంచున తాతగారు పెన్సిల్‌తో రాసుకున్నవి పోతాయి. మైలుతుత్తంలోని రాగి కాగితాన్ని ఇంకా తొందరగా పాడుచేస్తుంది. బైండరు పనితనాన్ని నేను తప్పుపట్టడం లేదు, ఆ పద్ధతి ఆఫీసు రిజిస్టర్లకూ బడి పుస్తకాలకూ పుట్టింది. మూల మడత పరీక్షలో గట్టిగా నిలిచిన పుస్తకాన్ని ఇవ్వాలనుకుంటే ముందే మూడు షరతులు చెప్పండి: ఫారాల (కలిపి మడిచిన పేజీల కట్టల) మడతలోనే కుట్టాలి, కటింగు వద్దు, బంకలో మైలుతుత్తం వద్దు. పాత అట్ట పారేయకుండా లోపల పెట్టమనండి.

విరిగే పుస్తకాలకు బైండింగు బదులు రెండు గట్టి అట్టముక్కల మధ్య పెట్టి తెల్లటి నూలు నాడాతో కట్టండి. రబ్బరు బ్యాండు కరిగి అంటుకుంటుంది. లోపల న్యూస్‌పేపరు పెట్టకండి, అందులోని ఆమ్లం పక్క పేజీకి పాకుతుంది. జెరాక్స్ కాగితం చాలావరకు సున్నపు కార్బొనేటు కలిసినదే కాబట్టి అది మేలు.

చందమామల పిన్నులు తీసేయండి. మధ్యపేజీ తెరిచి, పిన్ను కాళ్లను మొద్దు కత్తితో మెల్లగా నిటారుగా లేపి, బయటి వైపు నుంచి లాగాలి. కాళ్లు లేపకుండా గుంజితే తుప్పుపట్టిన చోట కాగితం ఊడొస్తుంది. ఆ పాత రంధ్రాల్లోంచే నూలుదారంతో మూడు రంధ్రాల కుట్టు వేస్తే సరిపోతుంది.

లామినేషన్ ఎందుకు వద్దన్నానంటే, అందులో వేడితో ప్లాస్టిక్కు కాగితంలోకి కరిగి దిగుతుంది, మళ్లీ విడదీయలేం. లోపలి ఆమ్లం లోపలే పనిచేస్తూ ఉంటుంది. ఒంటి కాగితం, ఉత్తరమో, కరపత్రమో అయితే రెండు పాలిస్టరు షీట్ల మధ్య అంటించకుండా ఉంచి అంచులు మాత్రమే మూయాలి, వెనక ఒక ఆమ్లరహిత కాగితం పెట్టాలి.

స్కానింగు

ముందు ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) వెబ్‌సైటులో వెతకండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలల్లో అక్కడ ఉన్నాయి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఇష్టమొచ్చిన స్పెల్లింగుల్లో ఉంటాయి. ఒక్కో పేరునూ మూడు నాలుగు రకాలుగా కొట్టి చూడాలి. దొరికినా పేజీలన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి. బాగున్న స్కాన్ ఉంటే ఆ పుస్తకం మీద మీ సమయం పెట్టకండి.

లేనివాటికి మీ ఫోనే చాలు. డెమ్మీ సైజు (సుమారు ఐదున్నర, ఎనిమిదిన్నర అంగుళాల) పేజీకి 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు అంటే సుమారు 42 లక్షల పిక్సెళ్లు, 12 మెగాపిక్సెల్ కెమెరా ఒక పేజీకి హాయిగా సరిపోతుంది. రెండు పేజీలు ఒకేసారి తీయకండి, అంచుల్లో అక్షరాలు మసకబారతాయి. ఫోనును స్టాండుకు బిగించి, పుస్తకాన్ని సగమే తెరిచి రెండో అట్టకు దిండు ఆనించి, తెరిచిన పేజీకి ఫోను సమాంతరంగా ఉండేలా చూడండి. రెండు వైపులా 45 డిగ్రీల్లో దీపాలు, ఫ్లాష్ ఆపేయాలి, ఎక్స్‌పోజరు (వెలుతురు మోతాదు) పేజీ పేజీకీ మారకుండా లాక్ చేయాలి. విరిగే పుస్తకాన్ని ఫ్లాట్‌బెడ్ స్కానరు మీద బోర్లించి నొక్కితే వెన్ను పోతుంది.

స్కానింగు యాప్‌లలోని నలుపు-తెలుపు ఫిల్టరు వాడకండి. తెలుగు అచ్చుకు అది శత్రువు. తలకట్లు ఎగిరిపోతాయి, ఒత్తులు ముద్దకడతాయి, అరసున్న మాయమవుతుంది. రంగులోనే తీసి, అసలు ఫైళ్లు అలాగే ఉంచుకుని, చదువుకోవడానికి వేరుగా పీడీఎఫ్ చేసుకోండి. ఓసీఆర్‌కు, అంటే బొమ్మలోని అక్షరాలను టైపు పాఠంగా మార్చడానికి, టెస్సరాక్ట్ అనే సాఫ్ట్‌వేరు, గూగుల్ డ్రైవ్ రెండూ తెలుగు చదువుతాయి కానీ పాత అచ్చులోని బండి ఱ, అరసున్న, వత్తుల గుంపుల దగ్గర తడబడతాయి. అది వెతుక్కోవడానికే, చదవడానికి బొమ్మే ఆధారం.

అట్టలు, ముద్రణ వివరాల పేజీ, చివరి ప్రకటనలు, వెల, ఎవరో చేసిన సంతకం, ఖాళీ పేజీ మీది లెక్కలు, అన్నీ తీయండి. పుస్తకం పాఠం ఇంకెక్కడైనా దొరకొచ్చు, ఇవి మీ ప్రతిలోనే ఉంటాయి. ఫైళ్లు మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి వేరే ఇంట్లో.

మీ సొంత వాడకానికి తీసుకోవడంలో ఇబ్బంది లేదు. నెట్‌లో పెట్టాలంటే మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు గడవాలి. 1964లో పోయినవారి రచనలు 2025 జనవరి 1 నుంచి అందరివీ. పీఠికకూ, బొమ్మలకూ హక్కు వేరే వాళ్లది కావచ్చు, వాళ్ల సంవత్సరం విడిగా చూసుకోండి.

స్కాన్ అయ్యాక కాగితాన్ని పారేయాలా అన్నారు. పారేయకండి. ఇంట్లో చోటు లేకపోతే గ్రంథాలయానికి ఇవ్వొచ్చు. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి పాత పత్రికలూ పుస్తకాలూ దాచుకుంటూ వస్తోంది, హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది, రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం మీకు దగ్గర. పెట్టెలు బండెక్కించి నేరుగా తీసుకెళ్లకండి. రచయిత, పేరు, ప్రచురణకర్త, సంవత్సరం, ఎన్నో కూర్పు, స్థితి, ఈ ఆరు వివరాలతో జాబితా చేసి ముందు పంపండి. వాళ్ల దగ్గర లేనివే వాళ్లు అడుగుతారు. పురుగు పరీక్ష పూర్తి కాని పుస్తకాన్ని మాత్రం ఏ గ్రంథాలయానికీ ఇవ్వకండి.

ఒక్క పుస్తకం చాలా అరుదైనదని తేలితే, చేతిరాత ప్రతి అయితే, ఇంట్లో ఏమీ చేయకుండా నాడా కట్టి పక్కన పెట్టండి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో సంరక్షణ ప్రయోగశాల ఉంది, ముందు ఫోటోలు పంపి సలహా అడగండి. ఆమ్లం తీసే స్నానాలు అలాంటి చోట శిక్షణ ఉన్నవాళ్లు చేయాల్సిన పని, ఇంట్లో చేస్తే సిరా కారుతుంది. జాబితా తయారయ్యాక ఇక్కడ పెడితే వేటితో మొదలుపెట్టాలో చెప్పగలను.